పని చెడిన నాడు

మహానందీశ్వరుని సన్నిధిలో నీటికై ఎవరును ఎవరినీ ప్రాధేయపడవలసిన పని లేదు. గర్భాలయమున లింగము క్రిందనుండి ఉబికివచ్చు ఊట కోనేటిని నింపి, వేసవి యనక వర్షాకాల మనక ఒకే మట్టమున నిలిచి, మిగిలినది వెలుపలి కాలువలగుండ పొలములకు పారుచున్నది. ఇట్టి నీటి ప్రక్కన పుట్టి పెరిగినవారికి నీరనగా దైవదత్తమని తోచుట సహజము. కాని నల్లమల పాదము విడిచి పడమరగా నంద్యాలవైపు సాగినచో కుందూ లోయలో కనబడు కాలువ నీరు ఆ జాతికి చెందినది కాదు. అది మనుష్యులు లెక్కలు వేసి, అప్పులు చేసి, రాళ్ళు పగులగొట్టి, తగవులాడి, ఒకసారి కాదు పలుసార్లు ఓడిపోయి తెచ్చిన నీరు. దానిని కాగితములలో కర్నూలు-కడప కాలువ యందురు. జనులు కె.సి. కాలువ యని పిలుతురు.

కర్నూలునకు ఎగువన సుంకేసుల యొద్ద తుంగభద్రకు అడ్డముగా కట్టిన ఆనకట్టనుండి ఈ కాలువ బయలుదేరును. కర్నూలు నగరముకడ హంద్రీ నదిని మీదుగా దాటి, మిట్టకందాల యొద్ద ఎత్తైన నేలను లోతుగా త్రవ్విన కోత గుండ కృష్ణా పరీవాహమును విడిచి పెన్నా పరీవాహమున ప్రవేశించును. అటుపై నిప్పులవాగు, గాలేరు, కుందూ మొదలగు సహజప్రవాహములను తోడుచేసికొని, సంతజూటూరు, రాజోలి ఆనకట్టలమీదుగా కడప వరకు పోవును. దాని పొడవు సుమారు 190 మైళ్ళు, అనగా 306 కిలోమీటర్లు. ఒక నదీపరీవాహపు నీటిని మరియొక నదీపరీవాహమునకు మళ్ళించుట నేటికిని చిన్న పని కాదు. 1860 ప్రాంతమున, పార, గడ్డపార, తట్ట, ఎద్దులబండి తప్ప వేరు సాధనము లేని కాలమున ఆ పని జరిగినది.

అయినను పూర్తియైన పిమ్మట చాల కాలమువరకు ఈ కాలువను గురించి వ్రాసినవారందరు దానిని ఒక ఘోర వైఫల్యముగనే పేర్కొనిరి. వింత యేమనగా, దీనికి ప్రేరకుడైన పురుషుడు మరెవరో కాదు. గోదావరి మండలమున నేటికిని ఇంటింట పటము కట్టించుకొని పూజించు సర్ ఆర్థర్ కాటన్ దొరయే. ఒకే మనిషి ఊహించిన రెండు పనులలో ఒకటి అన్నపూర్ణయై, ఇంకొకటి అపకీర్తి పాలగుటకు కారణ మేమి? నేల భేదమని కొందరు, ధనలోపమని కొందరు చెప్పుదురు. రెండును నిజమే. కాని వీనికంటె లోతైన కారణ మొకటి కలదు. పని చెడిన నాడు ఆ పనికి పెద్దయైనవాడు ఏమి చేసెను, అతని క్రింద పనిచేయువారు ఆ చెడుపునుండి ఏమి నేర్చుకొనుటకు అవకాశము కలిగెను అనునదే ఆ కారణము. దీనిని తెలిసికొనుటకు మొదట కావేరికి పోవలసియున్నది.

కాటన్ 1803లో జన్మించి, 1819లో మదరాసు ఇంజనీరు దళమున ఉద్యోగము పొంది, 1821లో ఇండియాకు వచ్చెను. కొన్ని సంవత్సరముల పిమ్మట తంజావూరు ప్రాంతపు కావేరి పనులు అతని వశమాయెను. అప్పటి స్థితి దయనీయము. శ్రీరంగమునకు ఎగువన కావేరి రెండుగా చీలును. ఉత్తరపు పాయయగు కొల్లడము నేల పల్లమగుటచే నీరంతయు దానిలోనికే జారిపోవుచు, తంజావూరు పొలములకు పోవలసిన దక్షిణపు పాయ ఏటేట పూడిపోవుచుండెను. కొల్లడముమీద ఆనకట్ట కట్టవలెను. కాని నది అడుగున రాతిపొర లేదు. ఎంత త్రవ్వినను ఇసుకయే. ఆంగ్లేయులు నేర్చిన విద్యలో ఇట్టి నేలమీద ఇట్టి పనికి ధైర్యమిచ్చు పాఠము లేదు.

పాఠము కొద్ది మైళ్ళ దూరముననే యుండెను. చోళులనాటి కల్లణై, పదునైదు వందల ఏండ్లకు పైబడినదని పెద్దలు చెప్పు పురాతన ఆనకట్ట, ఇసుకమీదనే నిలిచియుండెను. కాటన్ ఆ కట్టడమును పరీక్షించి, పెద్ద రాళ్ళను ఇసుకలో పడవేసినచో అవి కొంతవరకు క్రుంగి, మరల మరల వేయగా చివరకు కదలక నిలుచునను రహస్యమును గ్రహించెను. లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపు విద్యను తాము దేశీయులనుండియే నేర్చుకొంటిమని ఆయన తరువాత నిస్సంకోచముగా వ్రాసినాడు. అంతేకాదు, పూర్వులు కట్టిన చెరువులను మరమ్మతుకూడ చేయని తెల్లవారిని చూచి, వీరు యుద్ధమున మాత్రమే నేర్పరులైన నాగరిక మూఢులని దేశీయులు తలంచుచుండిరనియు, ఆ నింద న్యాయమైనదే యనియు ఒప్పుకొన్నాడు. ఏలినవారి జాతికి చెందిన అధికారి నోట ఇట్టి మాట వచ్చుట ఆ కాలమున అరుదు.

1836లో కొల్లడముమీద ఎగువ దిగువ ఆనకట్టలు రెండును లేచినవి. తంజావూరు బ్రతికినది. అయితే కథ అంతటితో ముగియలేదు. ఎగువ ఆనకట్ట తన పనిని మితిమీరి చేసినది! కొల్లడమునకు పోవు నీరు తగ్గి కావేరికి నీరు మెండుగా వచ్చుటచే, ఆ వడికి కావేరి అడుగు కోసుకొనిపోయి గట్లకు ప్రమాదమేర్పడెను. పూడిక సమస్య పోయి కోత సమస్య వచ్చినది. ఇది స్వల్పమైన పొరపాటు కాదు. ఆనకట్ట ఎత్తులో కొంత భాగమును 1843లో తగ్గింపవలసి వచ్చెను. 1845లో కావేరి ముఖమునకూడ ఒక అడ్డుకట్ట నిర్మింపవలసి వచ్చెను. నదిలో ఒక చోట చేయి పెట్టినచో మరియొక చోట అది బదులు చెప్పునను సత్యము పుస్తకమున గాక నది గర్భముననే వ్రాయబడినది. ఆ పాఠము కొల్లడము చరిత్రలో ప్రకటముగా నిలిచినందున, తరువాత ఆనకట్ట కట్టిన ప్రతి ఇంజనీరును దానిని చదువుకొనగలిగెను.

ఇక గోదావరి. 1832-33 నాటి కరువు, 1839లో కోరంగిని ముంచిన తుపాను తెలుగు తీరమును పీడించి వదలినవి. రాజమండ్రి మండల జనసంఖ్య 1821లో 7,38,308 ఉండగా 1841 నాటికి 5,61,041కి దిగజారెను. ఇరువది సంవత్సరములలో లక్షా డెబ్బదియేడు వేలమంది లెక్కనుండి మాయమైరి. గోదావరి మాత్రము ఏటేట నిండుగా ప్రవహించి సముద్రమున కలియుచునే యుండెను. ఈ దైన్యమును కన్నులార చూచిన కాటన్ 1844, 1845 సంవత్సరములలో నివేదికలు సమర్పించెను. 1846 తుదిలో అనుమతి లభించినది. 1847లో ధవళేశ్వరమున పని ప్రారంభమాయెను. 1852లో ఆనకట్ట పూర్తియాయెను.

ఆయన పలువురు అనుభవజ్ఞులైన అధికారులను, వేలకొలది పనివారిని కోరగా ప్రభుత్వము ఇచ్చినది స్వల్పము. వచ్చినవారిలో పనికి కొత్తవారును ఉండిరి. ఇట్టి సమయమున సామాన్యుడైన అధికారి యేమి చేయును? సిబ్బంది చాలదని ఒక లేఖ వ్రాసి, పని ఆలస్యమునకు ఆ లేఖనే సాక్ష్యముగా దాచుకొనును. కచేరీలలో ఇట్టి లేఖలకు నేటికిని కొదువ లేదు. కాటన్ దొరకినవారితోనే పని మొదలిడి, వారికి పనిలోనే విద్య గరపెను. దేశీయోద్యోగియగు వీణెం వీరన్న ఇందుకు గొప్ప ఉదాహరణము. కూలీలను సమకూర్చుట, వారి భాషలో వారికి నచ్చజెప్పుట, పని జరుగుచోటనే నిలిచి చేయించుట అతని వంతు. తన విజయములో అతని పాలు ఎంతటిదో కాటన్ దాచలేదు. ప్రభుత్వము వీరన్నకు రాయ్ బహద్దూర్ బిరుదము నొసగినది. ఆనకట్ట కథ చెప్పునపుడు ధవళేశ్వరము ప్రజలు నేటికిని ఆ రెండు పేర్లను జంటగనే తలంతురు.

మరొక నిదర్శనము. కోనసీమలో గన్నవరము కడ గోదావరి పాయను దాటించి ఎదుటి లంకకు కాలువ నీరు పంపవలసి వచ్చినపుడు ఆ భారమును హేగ్ అను యువ అధికారికి అప్పగించిరి. నలువది అడుగుల వెడల్పుగల 49 కమానులతో నదిమీద నీటి వంతెన నిర్మించుట ఆ కుఱ్ఱవాని పని. అతడు దానిని నెరవేర్చెను. పెద్దవాడు అనుక్షణము వెనుక నిలిచి తప్పులెన్నుచుండినచో ఏ యువకుడును ఇట్టి సాహసమునకు పూనుకొనడు.

ఆనకట్ట పని నడుచుచుండగా వరదలు రాకమానలేదు. అసంపూర్తిగానున్న భాగములు దెబ్బతినక మానలేదు. మధ్యకాలమున కాటన్ జబ్బుపడి సెలవుమీద పోవలసి వచ్చినది. అప్పుడు కాప్టెన్ ఓర్ భారము వహించి పనిని ఆగనీయలేదు. ఆ ఓర్ దొరయే తరువాత బెజవాడ కడ కృష్ణమీద 1852 మొదలు 1855 వరకు ఆనకట్ట కట్టించెను. గురువు లేనప్పుడు శిష్యుడు పని నడిపెననిన, గురువుండినప్పుడు అతనికి పని చేయు స్వేచ్ఛ ఉండెనని అర్థము.

ధవళేశ్వరపు ఆనకట్ట నిర్మాణరీతియే ఈ స్వభావమును తెలుపుచున్నది. ఇసుకలో దింపిన ఇటుక బావులమీద గోడ, గోడకు దిగువన విస్తారముగా పఱచిన విడిరాళ్ళ పేర్పు. వరదకు ఆ రాళ్ళు కొన్ని కదలును, కొన్ని క్రుంగును. క్రుంగినచోట మరల రాళ్ళు వేయుదురు. అనగా, చెడుట కొంత జరుగునని ముందే ఒప్పుకొని, దానికి చోటు విడిచి కట్టిన కట్టడమది. ఎన్నడును చెడదని గర్వించి కట్టినది కాదు. నూటముప్పది సంవత్సరములు అది డెల్టాకు నీరిచ్చి, 1982లో పూర్తియైన క్రొత్త బారేజికి తన పనిని అప్పగించినది. ఆ బారేజికిని కాటన్ పేరే పెట్టిరి.

ఈ ఘనవిజయము వెనుకనుండగా మన కుందూ లోయకు వత్తము.

1858 ప్రాంతమున లండనులో మదరాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యను సంస్థ వెలసెను. గోదావరి డెల్టాలో నీరు బంగారము పండించుట చూచిన ఉత్సాహములో, తుంగభద్ర నీటిని దత్తమండలములగుండ నెల్లూరు తీరమువరకు కొనిపోయి, అందే సేద్యమును పడవల రాకపోకలను సాగింపవచ్చునని మహాసంకల్పము పుట్టినది. కాటన్ ఆ సంకల్పమునకు ప్రాణము. కంపెనీ పది లక్షల పౌనుల మూలధనము సేకరించెను. ఆ ధనముమీద నూటికి ఐదు వంతున వడ్డీకి ప్రభుత్వము హామీ యిచ్చెను.

ఈ హామీ యనునది జాగ్రత్తగా పరిశీలింపదగినది. కాలువ పారినను పారకున్నను, రైతు నీరు పెట్టినను పెట్టకున్నను, లండనులోని వాటాదారునకు ఏటేట ఐదు వంతుల వడ్డీ చేరును. అది ఎవరి పద్దునుండి చేరును? ఈ దేశపు రాబడినుండి. జమా ఒకచోట, ఖర్చు మరియొకచోట నున్న లెక్కలో తప్పు బయటపడుట కష్టము. నష్టము తన గడపకు రానివాడు నష్టకారణమును వెదకడు. పది లక్షల పౌనులు కాలువ పూర్తి కాకమునుపే కరిగిపోయినవి. అదనపు ధనమును ప్రభుత్వమే అప్పుగా సమకూర్పవలసి వచ్చెను. మహాసంకల్పములో చిన్న భాగము మాత్రమే, సుంకేసులనుండి కడప వరకు, 1871 నాటికి పూర్తియాయెను.

పూర్తియైన కాలువకు రైతు రాలేదు. ఇక్కడ డెల్టా ఒండ్రునేల లేదు, నల్లరేగడి కలదు. ఒక మంచి వాన కురిసినచో ఆ తేమను నెలలతరబడి కడుపులో దాచుకొని జొన్నను, కొర్రను, ప్రత్తిని పండించు నేల అది. అట్టి నేలకు ఇష్టము వచ్చినంత నీరు పెట్టినచో మేలుకంటె కీడే యెక్కువ. పైగా తరి సేద్యమునకు ఎద్దులు, ఎరువు, కూలీలు, పెట్టుబడి అన్నియు కావలెను. పొలమును మడులుగా చదును చేయవలెను. మెట్ట సేద్యముతో తృప్తిగా బ్రతుకుచున్న రెడ్డిగారినో, కాపునో, నీటితీరువ చెల్లించి ఈ జంజాటమును కొనుక్కొనుమనిన ఏల కొనును? 1876-78 నాటి ధాత కరువులో వానలు లేనప్పుడు కాలువ నీటికి గిరాకి కలిగినది. వానలు మరల పడగానే రైతు తన జొన్నకు తాను మరలెను.

రైతు ఇట్లు చేయునని ముందు ఎవరికిని తెలియదా? గ్రామమున ఏ కాపును అడిగినను చెప్పియుండును. కావేరి యొద్ద పూర్వుల ఆనకట్టను పరీక్షించి దేశీయునియొద్ద విద్య నేర్చిన కాటన్‌యే ఇచట రైతునియొద్ద నేర్చుకొనలేదు. ఆయన 1860 ప్రాంతమున ఉద్యోగము విరమించి స్వదేశమున నుండెను. పని స్థలమున కంపెనీ ఇంజనీర్లు ఉండిరి. వారికి పైన లండనులోని డైరెక్టర్లు. మధ్య మదరాసు ప్రభుత్వము. రేగడిలో నీరు నిలిచి పైరు పాడగుచున్నదని సుంకేసుల దిగువన ఒక చిన్న ఉద్యోగి గ్రహించినను, ఆ మాట సముద్రము దాటి, వాటాదారుల సభ దాటి, మరల ఆజ్ఞయై తిరిగివచ్చు మార్గము లేదు. 1878లో పార్లమెంటు విచారణసంఘము ఎదుట కాటన్ సాక్ష్యమిచ్చినపుడుకూడ కాలువలే దేశమునకు శరణ్యమను తన సిద్ధాంతమునుండి రవ్వంతయు జరుగలేదు. ఆ మహనీయుని దేశాభిమానమునందు, దీనులయెడ దయయందు సందేహింపరాదు. అయినను గోదావరి విజయము ఆయనకు ఒక విధమైన చెవుడు తెచ్చినదని చెప్పక తప్పదు. ముప్పదియేండ్ల వయసున నది చెప్పినది విన్న చెవి డెబ్బదియైదేండ్ల వయసున నేల చెప్పినది వినలేదు.

1882లో ప్రభుత్వము కాలువను కొనివేసినది. కంపెనీ కథ ముగిసినది. ఎవడును శిక్షింపబడలేదు, ఎవడును ఇది నా తప్పని చెప్పలేదు. అంతకంటె విచారకర మేమనగా, ఇంతటి ధనవ్యయముతో నేర్వదగిన పాఠమును నిలిచి వినిపించు పెద్ద ఒక్కడును లేకపోయెను.

పెద్దవాని భయము క్రిందివారి బుద్ధిని ఎట్లు బంధించునో వాల్మీకి కిష్కింధాకాండమున చూపినాడు. సుగ్రీవుడు సీతాన్వేషణమునకు వానరులను నాలుగు దిక్కులకు పంపుచు మాసము గడువిచ్చి, గడువు మీరినవానికి మరణదండన మని శాసించెను. తూర్పునకు పోయిన వినతుడు, ఉత్తరమునకు పోయిన శతబలి, పడమటికి పోయిన సుషేణుడు గడువులోపల తిరిగివచ్చి సీత కనబడలేదని నిజము విన్నవించిరి. వారి కేమియు కీడు జరుగలేదు. పైగా ఆ మూడు వైఫల్యములవలన సీత దక్షిణదిక్కుననే యుండవలెనను నిశ్చయము బలపడినది. లేదనుట కూడ ఒక వార్తయే కదా! దక్షిణమునకు పోయిన అంగదాదుల సంగతి వేరు. స్వయంప్రభ గుహలో వారికి తెలియకయే గడువు దాటిపోయెను. అంతట యువరాజైన అంగదుడు సీతను వెదకుట మాని, సుగ్రీవుని దండనను తలచుకొని ప్రాయోపవేశమునకు కూర్చుండెను. సముద్రము ఎదుట నుండగా, దానిని దాటగల హనుమంతుడు ప్రక్కననే యుండగా, ఆ గుంపంతయు దర్భలు పఱచుకొని చావుకై ఎదురుచూచినది. సంపాతి రాకయుండినచో రామాయణము అచ్చటనే ఆగిపోయెడిది. సుగ్రీవుడు చెడ్డవాడు కాడు. వారు విజయముతో తిరిగివచ్చి మధువనమును పాడుచేసినపుడు కోపింపక సంతసించినాడు. కాని మంచివాడైన ప్రభువు పలికిన ఒక కఠినవాక్యము వంద యోజనముల దూరమున పనివారి కాళ్ళకు సంకెల యగుట ఇందు స్పష్టము.

కె.సి. కాలువ పూర్తియైన నూరేండ్లకు కొద్దిగా పిమ్మట, ఆంధ్రదేశపు తూర్పుతీరముననే, పులికాటు సరస్సునకు సముద్రమునకు నడుమనున్న శ్రీహరికోటలో, పని చెడిన మరియొక దినము వచ్చెను. నీటికిని ఆకాశమునకును సంబంధ మేమని పాఠకులు శంకింపవచ్చును. పని వేరైనను పరీక్ష ఒక్కటియే.

1979 ఆగస్టు 10వ తేదీ. భారతదేశము స్వయముగా నిర్మించిన మొదటి ఉపగ్రహవాహనము ఎస్.ఎల్.వి.-3 ఆ ఉదయము లేచెను. సుమారు 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు, నాలుగు అంచెలు. దాని నిర్మాణసారథి ఎ.పి.జె. అబ్దుల్ కలాం, ఇస్రో సంస్థకు అధ్యక్షుడు సతీష్ ధవన్. మొదటి అంచె సక్రమముగా నడచినది. రెండవ అంచెలో వాహనమును అదుపున ఉంచవలసిన యంత్రాంగము పనిచేయలేదు. కొద్ది నిమిషములలో వాహనము బంగాళాఖాతమున కూలినది. తరువాతి విచారణలో తేలిన కారణము చూడగా చాల చిన్నది: నైట్రికామ్లమును ఆపవలసిన కవాటము సరిగా మూసికొనక, ఆమ్లము ముందే కారిపోయినది. పది సంవత్సరముల శ్రమను అంగుళముల కవాట మొకటి సముద్రము పాలు చేసినది.

ఇక్కడినుండి జరిగినదానిని కలాం తన జీవితకాలమున పలు సభలలో చెప్పియున్నారు. ప్రయోగమునకు కొద్ది నిమిషముల ముందు గణనయంత్రము హెచ్చరిక చేసి లెక్కింపును నిలిపినదట. నిపుణులు పరిశీలించి భయము లేదనగా, యంత్రమును త్రోసిపుచ్చి ప్రయోగము కొనసాగింపుమని కలాం ఆజ్ఞాపించెను. అనగా తప్పు ఎవరి నెత్తిన మోపవలెనన్న, నెత్తి సిద్ధముగనే యున్నది. పత్రికలవారు కాచుకొని యున్నారు. ధవన్ కలాంను ముందుకు త్రోయలేదు. తానే పత్రికాసభకు పోయి, ఈ అపజయమునకు బాధ్యత తనదని చెప్పి, తన శాస్త్రజ్ఞులు వచ్చే సంవత్సరము తప్పక జయింతురని ప్రకటించెను.

బయట ధవన్ ఇట్లు గొడుగు పట్టినందున లోపల విచారణ నిర్భయముగా సాగినది. ఇది ముఖ్యమైన విషయము. బాధ్యత తానే వహించిన పెద్ద విచారణను కప్పిపుచ్చలేదు. తప్పును వెదకవలదని చెప్పలేదు. సమీక్షాసభలో తప్పు తన పర్యవేక్షణదేయని కలాం స్వయముగా లేచి ఒప్పుకొనెను. అప్పుడు విక్రమ్ సారాభాయి కేంద్రమునకు పెద్దయైన బ్రహ్మప్రకాశ్ ఆయన ప్రక్కన నిలిచెను. కవాటము, ఆమ్లము, హెచ్చరికను త్రోసిపుచ్చిన తీర్పు అన్నియు బల్లమీదికి వచ్చినవి. ఉద్యోగము పోవునను భయమున్నచోట ఆ కవాటము కథ ఎన్నటికిని బయటికి రాదు. పై వారికి పంపు కాగితములో "అనివార్య కారణములు" అని వ్రాయబడును.

1980 జూలై 18న అదే వాహనము 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. ఆనాడు ధవన్ పత్రికలవారి ఎదుటికి పోలేదు. సభను నీవే నడుపుమని కలాంను పంపెను. తరువాత 1981లో జరిగిన ప్రయోగము పూర్తి ఫలము నీయలేదు. 1983లో మరల జయమాయెను. దాని వెనుక వచ్చిన ఎ.ఎస్.ఎల్.వి. 1987, 1988 సంవత్సరములలో వరుసగా రెండు మారులు విఫలమైనది. ఆ సంస్థ మార్గము పూలబాట కాదు. 2002లో ధవన్ కీర్తిశేషుడైన పిమ్మట శ్రీహరికోట కేంద్రమునకు ఆయన పేరు పెట్టిరి.

మరల మన కాలువ యొద్దకు. కంపెనీ వదలిపోయిన పాఠమును లోయలోని వారే, మెల్లగా, తరతరములుగా నేర్చుకొనిరి. ఏ నేలకు నీరు తగును, ఏ నేలకు తగదు, రేగడిలో మురుగు పోవు దారి ఎట్లుండవలెను, ఎంత నీరు పెట్టి ఎప్పుడు కట్టివేయవలెను అనునవి వారు పొలములో ఓడి ఓడి తెలిసికొన్నవి. ఒకడు పైరు పోగొట్టుకొనినచో ప్రక్క పొలమువాడు గట్టుమీద నిలిచి చూచి మరుసటి ఏడు జాగ్రత్తపడును. ఇందులో లండను డైరెక్టరు లేడు, వడ్డీ హామీ లేదు. నష్టము నష్టపడినవాని గడపకే వచ్చును గనుక కారణము వెంటనే వెదకబడును. అయితే ఈ విధముగా నేర్చుకొనుటకు వెల చాల యెక్కువ. ఎందరి ఇండ్లు అప్పులపాలైనవో!

ఆ వెలను తగ్గించుటకే వ్యవసాయ పరిశోధన స్థానములు. నంద్యాలలో 1906లో ఏర్పడిన స్థానము ఇట్టిది. ప్రత్తిలో నరసింహ, వరిలో నంద్యాల సోనా, కొర్రలో సూర్యనంది, శనగలో యంత్రముతో కోయుటకు వీలగు ఎత్తైన రకము అచ్చటినుండి వచ్చినవే. ఒక క్రొత్త వంగడము బయటికి వచ్చుటకు ముందు ఎన్నో సంకరములు మళ్ళలోనే మట్టిగొట్టుకొని పోవును. అట్లు పోయినవానిని సిగ్గుపడక పుస్తకములో వ్రాసియుంచుట అచ్చటి పని. రైతు ఇంట జరుగవలసిన నష్టము ప్రభుత్వపు మడిలో జరుగును. మడిలో పోయిన విత్తునకు అచ్చటి ఉద్యోగిని నిందించు అధికారి వచ్చిననాడు ఆ పుస్తకములో మంచి పంటలు మాత్రమే కనబడును. రైతు పొలములో కాదు.

పడవలు నడుచునని తలంచిన కె.సి. కాలువలో నేడు పడవ లేదు. నీటికి మాత్రము గిరాకి అంతులేదు. ఒకప్పుడు రైతు వలదన్న ఆ కాలువకు కృష్ణా జలవివాదముల ట్రిబ్యునలు 39.9 టి.ఎం.సి.ల నీటిని కేటాయించినది. దాని క్రింద సుమారు రెండు లక్షల అరువదియైదు వేల ఎకరముల ఆయకట్టు గలదు. సుంకేసుల పాత ఆనకట్ట స్థానమున క్రొత్త బారేజి వచ్చినది. తుంగభద్రకు నీరు తక్కువ వచ్చిన సంవత్సరములలో నంద్యాల, ఆళ్ళగడ్డ రైతులు సుంకేసుల వార్తకై చెవులు నిక్కించి కూర్చుందురు. తలుపులు ఎన్నడు ఎత్తుదురు, ఎంత వదలుదురు, చివరి ఊళ్ళకు నీరు చేరునా చేరదా అనునవే ఆ దినములలో రచ్చబండలమీద మాటలు. నారు పోయవలసిన వేళ మించిపోవుచుండగా కాలువ గట్టున నిలిచి పైదారి చూచు రైతునకు, ఆ నీటిని తన ముత్తాత వలదన్నాడని చెప్పినచో నమ్మడు.